ముల్లు లేని కొమ్మ

మా వాడి బ్యాగులో దొరికిన కత్తిని చేతిరుమాలులో చుట్టి నా సంచిలో వేసుకున్నాను. గురువారం పొద్దున సాహెబుగారి దగ్గరికి బయలుదేరాను. బండి నడిపింది వాడే.

దారిలో కత్తి ఊసు నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. బ్యాగులో లేదని వాడికి తెలుసు. తీసింది నేనని కూడా తెలుసు. ఇది కొత్త కాదు. మొదట వంటింట్లో కూరగాయల కత్తి కనబడకుండా పోయింది. వాడి దిండు కింద దొరికితే తీసి దాచాను. అంతకంటే పొడుగుది కొనుక్కొచ్చాడు. అదీ తీశాను. ఫోను లాక్కున్నాను. బండి తాళం బియ్యం డబ్బాలో పెట్టాను. ఇప్పుడిది. మీట నొక్కితే బయటికి దూకే రకం.

నేను తీయడం, వాడు తేవడం. ఇంట్లో ఇంకో మాట లేదు.

నా కొడుకు పేరు వినీల్. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడు. వేసవికి ముందు కాలేజీ బస్టాపులో నలుగురు వీణ్ణి ఇంకెవరో అనుకుని కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. మర్నాడు వీణ్ణి ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయాక, ఆస్పత్రి వరండాలో ఎవరో ఇంగ్లీషు పేపరు తెచ్చి చూపించారు. ఆ సంగతి నాలుగు ముక్కల్లో వేశారు. అందులో మా వాడి పేరు పక్కన 'అన్‌ఆర్మ్‌డ్' అని ఉంది.

నా చదువు పదో తరగతి. ఆర్మ్ అంటే భుజం నుంచి కిందిదాకా చెయ్యి అని పంతులమ్మ పటం చూపించి చెప్పింది గుర్తుంది. అన్ అంటే లేకపోవడం. చెయ్యి తీసేశారనుకున్నాను.

డాక్టరు బయటికొచ్చి ఎముక సరిచేశామమ్మా అనేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. నేను చేతిలో నలిపేసిన పేపరు చూసి నర్సు సంగతి అడిగింది. చెబితే నవ్వింది. ఆయుధం లేనివాడని అర్థమట.

నాకు ప్రాణం లేచొచ్చింది. వాడికి మాత్రం ఆ మాటే గుచ్చుకుంది. ఉత్త చేతులతో నిలబడి తన్నులు తిన్నాడని ఊరంతా చాటించినట్టు అనుకున్నాడు. ఇంకోసారి ఆ మాట నా పేరు పక్కన రాయనివ్వను మా అన్నాడు. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్నాడు. సామెతలు నేర్పింది నేనే.

జిలానీ సాహెబుగారు ఉండేది గూడూరు దాటాక నిమ్మతోటల్లో. తోట చివర చిన్న దర్గా. చాలా ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, చాలించుకుని, తన గురువు సమాధి దగ్గర వచ్చి కూర్చున్నారు. మా నాన్న ఆయన శిష్యుడు. నాకు మస్తానమ్మ అని పేరు పెట్టింది కూడా దర్గా మొక్కుకే. నాన్న పోయాక, ఆయన ఇక్కడికి వచ్చే గురువారాలు నాకొచ్చాయి.

గేటు దగ్గర బండి ఆపి, వాడు దాని మీదే కూర్చుండిపోయాడు. లోపలికి రమ్మన్నాను. నువ్వు ఏం చెప్తావో నాకు తెలుసు, ఆయన ఏం చెప్తాడో అదీ తెలుసు, పో మా అన్నాడు.

సాహెబుగారు నులకమంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నారు. ఉన్నదంతా చెప్పాను. వాణ్ణి లోపలికి పిలిపించి, సమాధి మీది చాదరు పట్టించి, ఇక కత్తి ముట్టనని ఒట్టు వేయించమన్నాను. వాడు నన్ను లెక్కచేయడు, మీకైనా భయపడతాడేమో అన్నాను.

అంతా విని ఆయన అడిగింది ఒక్కటే. పేపర్లో ఏమని రాశారని.

చెప్పాను.

"మంచి మాట," అన్నారు.

నేను కత్తి అంటే ఆయన మాట అంటారు. అప్పటికే నాకు చిర్రెత్తుతోంది.

నేను చెయ్యి అనుకోవడంలో తప్పేమీ లేదని మొదలుపెట్టారు. చెయ్యి అనే ఆర్మ్ ఇంగ్లీషు వాళ్ళ ఇంటి మాటేనట, తాతముత్తాతల నాటిది. ఆయుధాలనే ఆర్మ్స్ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి వాళ్ళ ఇంటి మీదుగా వచ్చి చేరిందట. కవలల్లాగా కనిపిస్తాయి గాని ఒక తల్లి బిడ్డలు కారట. ఇంకా వెనక్కి, ఎవరి పేర్లూ మిగలని కాలానికి పోతే మాత్రం ఇద్దరికీ ముత్తవ్వ ఒకతే అంటారట. ఆమెకు పని అతకడం, అమర్చడం. భుజానికి అతికింది చెయ్యి. ఒంటికి అమర్చుకునేది కవచం. అందుకే ఒకప్పుడు కవచం తొడుక్కోకుండా బయటికొచ్చినవాణ్ణి కూడా అన్‌ఆర్మ్‌డ్ అనే అనేవాళ్ళట.

ఎండ ఎక్కుతోంది. గేటు దగ్గర వాడు హారను కొట్టాడు.

నా ఓపిక అయిపోయింది. వాడు రేపు ఎవణ్ణయినా పొడిస్తే, ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు జైలు ఊచల్లోంచి ఒకరికొకరం చెప్పుకుంటాం సాహెబుగారూ అన్నాను. మా నాన్న ఉంటే నా నోరు మూయించేవాడు.

ఆయన కోప్పడలేదు. "మీ నాయన కూడా ఇట్నే గసిరేవాడు. కూర్చో. ఇంకొక్కటే ఉండాది."

ఆ ఒక్కటి ఇది. చెట్ల శాస్త్రం రాసేవాళ్ళు ముల్లు లేని కొమ్మను కూడా అన్‌ఆర్మ్‌డ్ అనే రాస్తారట. ముల్లు లేకుండా తనంతట పెరిగిన కొమ్మకే ఆ మాట. ఉన్నది ఊడబెరికితే దానికి చెల్లదట. లాక్కున్నదానికి ఇంకో మాట ఉందట, డిసార్మ్‌డ్ అని.

"ఈ రెండిట్లో నీకు ఏది కావాలి మస్తానమ్మా?"

"నాకు నా కొడుకు కావాలి," అన్నాను.

తస్బీ తిప్పే వేళ్ళు ఆగాయి.  మంచానికి ఎదురుగా ఉన్న నిమ్మచెట్టు చూపించి, దానినుంచి ముల్లు లేని కొమ్మ ఒకటి కోసుకు రమ్మన్నారు.

ఇంతదూరం వచ్చింది కొమ్మలు కోయడానికి. లేచాను. పెద్దాయన చెప్పాక తప్పుతుందా.

పోయినేడు ఆ చెట్టును ఈ పక్క మోటుగా నరికినట్టున్నారు. మొద్దుల్లోంచి కొత్త కొమ్మలు నిటారుగా లేచి ఉన్నాయి, నిగనిగలాడుతున్నాయి. చేతికి అందుతున్నాయి కదా అని పట్టుకున్నాను. ఆకు పుట్టిన చోటల్లా ఒక ముల్లు. మణికట్టు గీరుకుంది, కొంగు చిక్కుకుంది. విడిపించుకోబోతే ఒక ముల్లు అరచేతిలో దిగి లోపలే విరిగింది. చెట్టును తిట్టాను. చెట్టు చూపించిన ఆయన్ని కూడా మనసులో తిట్టాను.

చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోయాను. అక్కడ ఎవరూ కొడవలి పెట్టలేదు. పాత కొమ్మలు కాయల బరువుకు కిందికి వాలి ఉన్నాయి. తడిమి చూశాను. ఏమీ తగల్లేదు. తుంచబోతే నార వదల్లేదు. సంచి తెరిచి, రుమాలు విప్పి, మీట నొక్కి, కోశాను. కత్తి కొంగుకు తుడిచి మళ్ళీ రుమాలులో చుట్టాను.

కొమ్మ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన కొమ్మను చూడలేదు. నా చెయ్యి చూశారు.

"యాడ గుచ్చుకునింది?"

ఈ పక్కనే అన్నాను. నరికిన చోట కొత్తవి వచ్చినాయి, వాటి ఒళ్ళంతా ముళ్ళే అన్నాను.

"నరికిన చోట వచ్చేటివి అట్నే వస్తాయి," అన్నారు. కొమ్మ చేతిలోకి తీసుకుని కోసిన చోటు వేలితో తడిమారు. నున్నగా తెగింది.

"దీన్ని దేంతో కోసినావు?"

సంచి దగ్గరికి లాక్కున్నాను.

"గేటు కాడ ఉండే పిల్లోడి దగ్గర ఏముంది ఇప్పుడు?"

"ఏమీ లేదు."

"అయితే ఈ తోటలో కత్తి ఉండేది నీ ఒక్కదాని దగ్గరే."

అంతే. కళ్ళు మూసుకుని మళ్ళీ తస్బీ తిప్పుకుంటున్నారు. ఒట్టు లేదు, తాయెత్తు లేదు, పిల్లవాణ్ణి పిలవమన్న మాట లేదు. దెబ్బలు తిన్నది వాడు, కత్తి కొన్నది వాడు, నిద్రలేక చస్తున్నది నేను. చివరికి కత్తిమనిషిని కూడా నేనేనట. దండం కూడా సరిగా పెట్టకుండా వచ్చేశాను.

వాడు బండి స్టార్టు చేయబోయి నా చెయ్యి చూసి ఆగాడు.

"ఏంది మా అది?"

"ముల్లు. లోపల విరిగింది."

"చూపియ్యి."

నా మణికట్టు పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు. ఆ వేళ్ళు ఇంకా పూర్తిగా మూసుకోవు. చాలా రోజులైంది వాడు నన్ను ముట్టుకుని.

జాకెట్టుకు పిన్నీసు లేదు. చేతికి సూది లేదు. రెండో చేత్తో సంచి తెరిచాను. రుమాలుతో సహా కత్తి తీసి వాడి ముందుకు చాపాను.

వాడు కత్తిని చూశాడు. నన్ను చూశాడు.

"దీనికి కత్తెందుకు మా," అన్నాడు. "గోళ్ళు చాలవా."

రెండు బొటనవేళ్ళతో ఇటూ అటూ నొక్కి, గోళ్ళ మధ్య పట్టి లాగాడు. నొప్పా అన్నాడు. లేదన్నాను. నొప్పిగానే ఉంది. ముల్లు తీసి చూపించి ఊది పారేశాడు. చిన్నప్పుడు వాడికి నేను ఊదినట్టే అరచేతిలో కూడా ఒకసారి ఊదాడు.

వాడు అందుకోని కత్తి బండి వెనక సీటు మీద పెట్టాను. దాన్ని తీస్తే గాని కూర్చోవడానికి లేదు.

"ఇదేం చేద్దాం?" అన్నాడు.

గొంతు దాకా చాలా వచ్చాయి. ఇటివ్వు అనబోయాను. వాగులో పారెయ్యి అనబోయాను. నా మీద ఒట్టు అనబోయాను.

"నీ ఇష్టం," అన్నాను.

వాడు కత్తిని రుమాలుతో సహా తీసుకుని లోపలికి నడిచాడు. చెట్లు అడ్డం. మంచం కనబడదు. వెంట పోవాలని ఉంది. గేటు ఊచ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లోపల ఏవో మాటలు వినిపించాయి. ఇద్దరూ ఏం అనుకున్నారో తెలియదు. ఒకసారి ఆయన నవ్వారు. ఆ తర్వాత ఆకులు కదులుతున్న చప్పుడు వచ్చింది.

వాడు తిరిగొచ్చేటప్పుడు మెల్లగా అడుగులు వేస్తూ వచ్చాడు. రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, వాటి నిండా నిమ్మకాయలు. రుమాలు కనబడలేదు. ఒకటి జారి కింద పడింది. వంగి తీసుకోవడానికి వాడికి చెయ్యి ఖాళీ లేదు.

"అట్నే నిలబడతావేంది మా," అన్నాడు. "సంచి తెరువు."

తెరిచాను.