'ర' అక్షరానికి పచ్చబొట్టు

అనగనగా ఒక ఊళ్ళో, కచేరీ ఎదుట రేకుల కొట్లో, ఒక టైపు మిషను ఉండేదమ్మా. ఊరికంతటికీ అదొక్కటే. దాని నల్ల మీటల మీద తెల్లటి అక్షరాలు. అన్నీ కుదురుగా కూర్చునేవి, ఒక్క 'ర' తప్ప.

ఎందుకంటావా? వీధిలో ఎవరు ఎవర్ని 'రా' అని పిలిచినా, తననే అనుకునేది. మీట మీంచి దూకి ఒకటే పరుగు! అక్షరం లేని మీట ఏం పలుకుతుంది? కొడితే కాగితం మీద ఖాళీ. అచ్చం నీ కాళ్ళలాంటిదేలే అది. చూడు, దుప్పట్లో ఒక్క క్షణం ఆగుతున్నాయా?

ఆ ఊళ్ళోనే నరసమ్మ అని, పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఉండేది. ఎందరి చేతుల మీదో పేర్లు పొడిచింది. చదవడం మాత్రం నాలాగే, జుట్టు నెరిశాక నేర్చుకుంది. పాపం, సొంత ఇల్లు లేదు. ఏ అరుగు ఖాళీగా ఉంటే అక్కడే వంట, అక్కడే పడక. అప్పుడు కచేరీలో ఇళ్ళస్థలాలు ఇస్తామన్నారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా టైపు కొట్టిన అర్జీ తెమ్మన్నారు.

బుధవారం టైపు మేష్టారు కోటిలింగంగారు అర్జీ కొట్టిచ్చారు. కచేరీ గుమాస్తా చదివి పకపకా నవ్వాడు.

"నసమ్మా? పేరేనా, అలవాటా?"

నరసమ్మ మొహం చిన్నబోయింది. రోడ్డు దాటి కొట్లోకి తిరిగొచ్చింది. "నా పేరులో 'ర' ఏది మేష్టారూ? రేపు ఆ స్థలం ఎవరో నసమ్మదంటే నేనేం చెయ్యను?"

అప్పుడు మేష్టారు రబ్బరు ముద్రని తెల్లరంగులో ముంచి, మీట మీద 'ర' అద్దారు. కుంకుమబొట్టులాగా పైపైన నిలిచింది. ఇంతలో టీకొట్టాయన "ఇలా రారా!" అని ఎవరినో కేకేశాడు. ఒకటి కాదు, రెండు రాలు! వేలి చెమటకి జారి 'ర' పరారీ.

ఆ తర్వాత, గురువారం, గుండ్రటి కాగితం ముక్క మీద 'ర' రాసి, పైన అద్దంబిళ్ళ పెట్టి, చుట్టూ రేకు కట్టు బిగించారు. అదేమో బొట్టుబిళ్ళలాగా మెరిసింది. సాయంత్రం జల్లు పడింది. "తడుస్తావే, లోపలికి రా!" అని ఒకమ్మ కూతుర్ని పిలిచింది. చెమ్మ దూరిన సందులోంచే 'ర' బయటపడింది.

శుక్రవారం వచ్చేసింది. మేష్టారు చేతులెత్తేశారు. నరసమ్మ గుమ్మంలో నిలబడి, "రా" అంది. అంతే, 'ర' పరుగెత్తుకొచ్చి ఒళ్ళో కూలబడింది.

"ఏమిటే ఈ తిరుగుడు?"

"పిలిస్తే వెళ్ళొద్దా అత్తా? మీట మీద కూర్చుంటే నన్ను ఊళ్ళెవరు తిప్పుతారు?"

"పిచ్చిదానా! మీట కొట్టిన ప్రతిసారీ కాగితమెక్కి పోయేది నువ్వే కదే!"

'ర' నోరు తెరిచింది. ఆ సంగతి దానికి ఎవ్వరూ చెప్పలేదు మరి. "అయితే నన్ను మీట మీద పచ్చబొట్టులా పొడువు. సూది నొప్పెడుతుందా?"

"కొంచెం. ఏడవకు. నువ్వేడిస్తే నసమ్మవి నువ్వవుతావు."

అప్పుడు నరసమ్మ సూదితో మీటని తొలిచింది. తొలిచిన గాడిలో 'ర'ని కూర్చోబెట్టి, తెల్లరంగు మైనంలో కలిపి నింపింది. గుడ్డతో తుడిచింది. పైపైది పోయింది, లోపలిది నిలిచింది. పచ్చబొట్టు కదమ్మా!

మేష్టారు గబగబా కొట్టారు. న. ర. స. మ్మ. నరసమ్మ కాగితం పట్టుకుని రోడ్డు దాటింది.

కాసేపటికి కచేరీలోంచి గుమాస్తా కేక. "నరసమ్మా, రా! నీ స్థలం ఖాయమైంది!"

మీట మీద 'ర' ఉలిక్కిపడింది. లేవబోయింది. ఆ తర్వాత దానికి తెలిసొచ్చింది. తను అప్పుడే అక్కడికి వెళ్ళిపోయింది, 'న'కీ 'స'కీ మధ్య హాయిగా కూర్చుని ఉంది. ఇంకెక్కడికి పరుగు?

కథ వెళ్ళె కంచికి,
అర్జీ వెళ్ళె కచేరికి,
నరసమ్మ తన ఇంటికి,
నువ్వు రా నా పక్కకి.