వాగుకి వేసిన సున్నం

సున్నం బట్టీ నడిపే సన్యాసమ్మకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే చేతికి పని ఇస్తుంది.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నూకరత్నం ఒకరోజు అడిగింది. "ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్లయింది. వాన మంచిదే పడుతోంది. మరి మన వాగులో ఒక్క నత్తయినా లేదేటి పిన్నీ?"

సన్యాసమ్మ గంపెడు సున్నం ఎత్తి ఇచ్చింది. "వాగు గట్టు మీద చల్లు."

ఆ ఫ్యాక్టరీ పొగ వానలో కలిసి, ఇరవై ఏళ్లు ఆ కొండ మట్టిలోకి ఇంకింది. తర్వాత వాన మంచిదే అయినా, మట్టిలోంచి ఊరే నీరు మాత్రం పుల్లగానే ఉండేది. ఆ పులుపులో నత్తకి గుల్ల కట్టదు; సున్నం పడితేనే పులుపు విరుగుతుంది. ఒకప్పుడు ఆ వాగు నత్తగుల్లలు కాల్చి సున్నం చేసి, సన్యాసమ్మ ఇంటివాళ్లు బతికారు. బట్టీ దగ్గరున్న పాత సున్నం నాలుగేళ్లకు అయిపోయింది. ఆమె తన ఇంటి గోడలకున్న సున్నం గీకడం మొదలుపెట్టింది.

"గోడకి వెయ్యాల్సింది వాగుకి వేస్తావేటే ముసిలీ!" అని ఊరు నవ్వింది.

"గోడ నన్నేమీ అడగలేదు" అంది సన్యాసమ్మ.

మూడు గోడలు గీకడం అయ్యాక ఒక అధికారి జీపులో వచ్చాడు. అది చచ్చిన వాగని రాసి, మూతపడ్డ ఫ్యాక్టరీ బూడిద పోసి పూడ్చడానికి ఇచ్చేస్తారట. నూకరత్నం మడికి నీరు ఆ వాగుదే.

"బతికినది ఒక్కటి చూపించండి, సంతకం పెట్టను" అన్నాడు నవ్వుతూ.

నూకరత్నం వాగులో దిగి ఒక్కో రాయీ తిప్పింది. మధ్యాహ్నానికి ఒక రాతి అడుగున దొరికింది, చిటికెన వేలి గోరంత నత్త. సంతలో బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు గుప్పిట బిగించి పరుగెత్తుకొచ్చింది. తెరిచి చూస్తే గుల్ల ఉల్లిపొరలా చితికిపోయి ఉంది.

"ఇది చచ్చిపోయింది కదమ్మా" అన్నాడు అధికారి.

"నేనే చంపేశాను పిన్నీ."

సన్యాసమ్మ ఆ చితికిన గుల్లను ఏరి, అతని కాగితం మీద సంతకం పెట్టే చోట ఉంచింది. "చచ్చిన నీళ్లలో గుల్ల కట్టదు బాబూ. అది కూడా రాసుకో."

ఆ రోజుకి సంతకం పడలేదు. జీపు వెళ్లిపోయాక కూడా నూకరత్నం అరచేతినే చూసుకుంటూ నిలబడింది. "అంత పల్చగా ఉందేటి పిన్నీ, ఆ గుల్ల?"

సన్యాసమ్మ ఖాళీ గంప అందించింది.

"ఇంకో గోడ ఉంది."