పొన్నలూరు ఆబ్దికం

గోదావరి ఒడ్డున నందవేలి అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలిన కేతరాజుకు భీమరాజు అని ఒక తమ్ముడు. పంపకాల్లో అన్నగారికి సింహాసనం వచ్చింది. తమ్ముడికి పొన్నలూరు అనే ఊరు ఒకటి వచ్చింది. అదే ఏడు పక్కనున్న మఠంలో అధిపతి పీఠం ఖాళీ అయింది. ఆ మఠం కింద అరవై ఊళ్లు ఉన్నాయి. భీమరాజుకు హఠాత్తుగా వైరాగ్యం కలిగింది.

సన్యాసం పుచ్చుకుని ఆయన పూర్ణబోధస్వామి అయ్యాడు.

పదేళ్లు గడిచాయి. స్వామివారి పల్లకీ ముందు నడిచే వందిమాగధులు మొదట ఆయన ఏడు తరాల రాజవంశాన్ని చదివేవారు. ఊపిరి మిగిలితే గురువుగారి పేరు చెప్పేవారు.

ఒకనాడు స్వామివారు కొలువుకు వచ్చి, "పొన్నలూరు పుట్టుకతో నా హక్కు. అక్కడ పూలతోట వేయిస్తాను. పున్నమిలోగా అక్కడి సాలెవాళ్లను ఖాళీ చేయించు" అన్నాడు.

రాజుకు తమ్ముడంటే భయం లేదు. స్వామివారంటే భయం. ఇద్దరూ ఒకరే కావడంతో చిక్కొచ్చి పడింది. "అభ్యంతరం ఉన్నవాళ్లు మూడు రోజుల్లో వచ్చి చెప్పుకోవచ్చు" అని మాత్రం అనగలిగాడు.

పొన్నలూరులో నలభై సాలె ఇళ్లు ఉన్నాయి. ఈ కబురు విని వాళ్ల పెద్ద పద్దయ్య వచ్చి, ఊరి పురోహితుడైన మైలారభట్టు ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"మగ్గమైతే విప్పి మోసుకుపోతాం భట్టుగారూ. కాళ్లు దింపి నేసే మగ్గం గుంటను ఎట్టా మోసేది?"

"ఆయనకు సన్యాసం ఇప్పించినప్పుడు కర్మ చేయించింది నేనేరా పద్దయ్యా. తిథి ఎప్పుడో చూడనీ" అని భట్టు పంచాంగం తీశాడు.

మూడో రోజున భట్టు దర్భలు, నువ్వులు, అరిటాకులు పట్టుకుని కొలువుకు వెళ్లాడు. స్వామివారు అప్పటికే రాజు పక్కన ఆసీనుడై ఉన్నాడు.

"మహారాజా, ఇవాళ తమ తమ్ముడుగారి పదో ఆబ్దికం. తమరు మరిచినట్టున్నారు."

రాజు పక్కకు చూశాడు. తమ్ముడు ఉన్నాడు.

"ఎవరి ఆబ్దికం?" అన్నాడు స్వామి.

"భీమరాజుగారిది స్వామీ. చాలా మంచివారని ఇప్పుడు అందరూ అంటారు."

"భీమరాజును నేనే కదయ్యా."

"తమరు పూర్ణబోధస్వామి. భీమరాజుగారు ఏటి ఒడ్డున తన పిండం తానే పెట్టుకుని, జంధ్యం తెంచి నీళ్లలో వేసి పోయారు. మంత్రం చెప్పింది నేను. సన్యాసానికి ముందు ఎవరైనా అలా పోవలసిందే కదా."

"అది ఆచారం. అంతమాత్రాన రాజరక్తం ఎక్కడికి పోతుంది?"

"నాకూ అదే అనుమానం స్వామీ. కర్మలో నేనేమైనా పొరపాటు చేశానేమో. చేసి ఉంటే రాకుమారుడు బతికే ఉన్నాడు. పొన్నలూరు ఆయనదే, తిరుగులేదు."

స్వామివారి మొహం విప్పారింది.

"కాకపోతే సన్యాసం చెల్లనట్టే" అన్నాడు భట్టు. "మఠంలో రేపే ఇంకొకరిని కూర్చోబెట్టాలి. తమరు దండకమండలాలు ఇచ్చేస్తే సరిపోతుంది. పిలక పెరగడానికి ఏడాది పడుతుంది. జంధ్యం మాత్రం నేనే వేస్తాను, దక్షిణ అక్కర్లేదు."

ఒక పక్క ఒక ఊరు, ఇంకో పక్క అరవై ఊళ్లు. స్వామివారు చాలాసేపు ధ్యానంలో ఉన్నాడు.

"భీమరాజు పోయాడు" అన్నాడు చివరికి.

"నిశ్చయంగానా?" అన్నాడు రాజు.

"నిశ్చయంగా."

"అయితే ఆలస్యం దేనికి మహారాజా" అని భట్టు అరిటాకు పరిచాడు. "పోయినవారికి ఇష్టమైనది వండించాలి. స్వామివారికి ఆయన బాగా తెలుసు కదా. ఏమి ఇష్టమంటారు?"

స్వామివారు పైకప్పు వైపు చూశాడు.

"గారెలు" అన్నాడు.

రాజు పగలబడి నవ్వాడు. కిరీటం జారితే ఒక చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. చనిపోయిన తమ్ముడి ఊరు తనదే కాబట్టి దాన్ని అక్కడికక్కడే సాలెవాళ్లకు రాసిచ్చాడు. భట్టుకు పాడి ఆవుల్ని, పట్టు శాలువను ఇచ్చి, "ఈ ఆబ్దికం ఏటా పొన్నలూరులోనే పెట్టండి భట్టుగారూ, ఖర్చు నాది" అన్నాడు.

అలాగే పెట్టారు. ఆ తిథినాడు భోజనానికి పూర్ణబోధస్వామివారు తప్పకుండా వచ్చేవారట. పోయినాయన గురించి ఎవరైనా మంచిమాట చెబితే కాదనేవారు కాదట.