వాకిట్లో ‘అ’

కుమ్మరి ఓబులమ్మ తన ఇంట్లోనే బడి పెట్టి, మెత్తటి మట్టిమీద పిల్లల చేత ‘అ’ దిద్దించేది. "ముడుచుకుని పడుకున్న పిల్లిపిల్లలా ఉండాలర్రా" అని చెప్పేది.

ఆస్థాన పండితుడు అనంతశాస్త్రికి ఒళ్ళు మండింది. "అవి అక్షరాలు కావు, పిచ్చిగీతలు! ఆ బడి మూయించండి ప్రభూ" అని రాజుగారికి ఎక్కించాడు.

రాజుగారు స్వయంగా చూడ్డానికొస్తున్నారని తెలిసి ఓబులమ్మ వాకిలంతా అలికి, ఆ తడిమీద పిల్లల చేత ‘అ’లు రాయించింది.

"ముందు మీరు రండి సామీ" అంది, రాజుగారి వెంట వచ్చిన శాస్త్రితో.

శాస్త్రి ఒక్కడుగు వేశాడు. కాలికింద చూసుకుని, గభాలున వంగి ఆ గీతను తాకి కళ్ళకద్దుకున్నాడు.

"పిచ్చిగీతకు దణ్ణమెందుకు సామీ?"



"బడి ఉంటుందమ్మా" అని నవ్వి, రాజుగారు చెప్పులు విడిచి, ఒక్క ‘అ’నీ తొక్కకుండా లోపలికి నడిచారు.