చెయ్యి తియ్యి, దస్తగిరన్నా

ఊ కొట్టేవాళ్ళుంటే చెబుతా. ఇది నిన్నటి మాట కాదు, మొన్నటి మాట కాదు. మీ తాతలకు మీసాలు మొలవక ముందరి మాట. అప్పటి కార్లు డీజిల్ తాగి నల్లపొగ కక్కేవి. కనుమ ఎక్కేటప్పుడు ముసలోళ్ళ మాదిరి దగ్గేవి.

ఎర్రకనుమ అని ఒక కొండదారి. దారి మొదట్లో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో దస్తగిరి అని ఒక మేస్త్రీ, ఆయన భార్య హుసేనమ్మ. వాళ్ళకు పిల్లలు పుట్టారు గానీ నిలవలేదు. ఇద్దరే ఉండేవాళ్ళు. ఆయన కార్లు బాగుచేసేవాడు. ఆమె జొన్నరొట్టెలు చేసేది.

కారు వచ్చి ఆగితే దస్తగిరి ఇంజన్ మూత ఎత్తి, దేన్నీ ముట్టుకోకుండా నిలబడేవాడు.

“ఆగండి. వినండి. అదే చెబుతాది” అనేవాడు.

ఆ కార్ల ఇంజన్లో నాలుగు గదులుంటాయి. గదికొక ఇంజెక్టర్. డీజిల్‌ను సన్నటి మంచు మాదిరి లోపలికి చిమ్మేది అదే. దాని మూతి పూడుకుపోతే ఆ గదిలో మంట రగలదు. మిగతా గదులే బండినంతా మోయాలి. ఏది చెడిందో పైకి చూస్తే తెలీదు. అందుకని దస్తగిరి ఇంజన్ నడుస్తుండగానే పానా పట్టి, ఒక్కో ఇంజెక్టర్‌కు పోయే గొట్టాన్ని కొంచెం వదులు చేసేవాడు. ఇంజన్ గొంతు పడిపోతే ఆ ఇంజెక్టర్ మంచిది. మళ్ళీ బిగించేవాడు. గొంతు మారలేదంటే అదే చెడ్డది.

“పనోణ్ణి ఆపితే ఇల్లు కుంటుతాది. సోమరిని ఆపితే ఇంటికే తెలీదు” అని నవ్వేవాడు.

ఒక వానాకాలం, పొద్దు వాలే వేళ, ఒక పాత కారు దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందర ఆగింది. నడిపేది ఓబులేసు. వెనక సీట్లో తిరుపాలమ్మ అనే ఆడమనిషి నొప్పులు పడుతోంది. పక్కన ఆమె అత్త. ఆసుపత్రి కనుమకు అవతల ఉంది.

“మేస్త్రీ, బండి ఎక్కడంలేదు! రెండు మలుపులు పోయి వెనక్కి జారింది” అన్నాడు ఓబులేసు.

“ఇంకో బండి చూడండి నాయనా” అని అత్త ఏడ్చింది.

ఇంకో బండి లేదు. వంకలు పొంగుతున్నాయి. పొద్దున్నుంచి బస్సు కూడా రాలేదు.

దస్తగిరి మూత ఎత్తాడు. “ఆగండి. వినండి. అదే చెబుతాది.”

మొదటి గొట్టం వదులు చేశాడు. ఇంజన్ కుంటింది. బిగించాడు. రెండోది వదులు చేశాడు. ఇంజన్ కుంటింది. బిగించాడు. మూడోది వదులు చేశాడు. ఇంజన్ గొంతు మారనేలేదు.

దాన్ని ఊడదీశాడు. మూతిలో సూది మసి పట్టి ఇరుక్కుపోయింది. డీజిల్‌లో నానబెట్టాడు, కడిగాడు, సూదిని కదిలించాడు. ఇక మంచు మాదిరి చిమ్ముతుందో, చుక్కలు కారుస్తుందో చూడాలి. బయటే గొట్టానికి తగిలించి, “తిప్పు ఓబులేసూ” అన్నాడు.

ఓబులేసు తాళం తిప్పాడు. మబ్బు కమ్ముకుని మసక మసకగా ఉంది. చిమ్మేది కంటికి ఆనలేదు. కారులో తిరుపాలమ్మ అరిచింది. ఎప్పుడూ అడ్డం పెట్టే అట్టముక్క వెతికే తీరిక లేదనుకున్నాడో ఏమో, తడి ఎట్లా తగులుతుందో చూద్దామని దస్తగిరి ఎడమచెయ్యి దానికి అడ్డం పెట్టాడు.

చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“ఏమైంది నాయనా?” అంది అత్త.

“ఏం లేదమ్మా. ముల్లు గుచ్చినట్టయింది.”

వేలి మీద సూదిమొనంత చుక్క. నెత్తురు కూడా రాలేదు. గుడ్డతో తుడుచుకుని ఇంజెక్టర్ బిగించాడు. నాలుగు గదులూ మంట అందుకున్నాయి. కారు దగ్గకుండా కనుమ ఎక్కిపోయింది. తెల్లారకముందే అవతల తిరుపాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఇవతల దస్తగిరి చెయ్యి తిమ్మిరెక్కింది.

మరునాడు వాచింది. పక్కింటివాళ్ళు పసుపు పట్టించారు. గాయమేది అని అడిగారు. ఆయన చుక్క చూపించాడు. ఇంతేనా అన్నారు.

ఆ మరునాడు చెయ్యి సున్నం మాదిరి తెల్లబడింది. ఒక ముసలామె వేపాకు నూరి కట్టింది. గాయమేది అని అడిగింది. చుక్క చూపించాడు. ఇంతేనా అంది.

ఆ మరునాడు వేళ్ళు నల్లబడ్డాయి. ఊళ్ళో సూదిమందాయన వచ్చి ఒక సూది వేశాడు. గాయమేది అని అడిగాడు. చుక్క చూపించాడు. ఇంతేనా అన్నాడు.

హుసేనమ్మ ఒక్కతే ఆ మాట అనలేదు. “ఏమయ్యా, ఆసుపత్రికి పోదాం పదయ్యా” అని బతిమాలింది. ఎట్లా పోతారు? కనుమ మీద చెట్లు పడి దారి మూసుకుపోయింది. ఓబులేసు కారు అవతలే చిక్కుకుంది. ఆమె రోడ్డు మీదికి పోవడం, కొండకేసి చూడడం, లోపలికి రావడం.

దారి తెరిచిన రోజు ఓబులేసే ముందొచ్చాడు. బిడ్డ పుట్టిందని చెప్పాలని సంబరంగా వచ్చాడు. నల్లబడ్డ చెయ్యి చూసి, ఆయన్ని ఎత్తి కారులో పడుకోబెట్టాడు. హుసేనమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. కారు కనుమ ఎక్కుతుంటే దస్తగిరి కళ్ళు మూసుకుని విన్నాడు.

“బాగా నడుస్తాంది కదా” అన్నాడు.

“నడుస్తాందయ్యా” అంది ఆమె.

డాక్టరు చెయ్యి చూసి తల పట్టుకున్నాడు. “చిమ్మిన వేగానికి డీజిల్ తోలు చీల్చుకుని లోపలికి పోయింది. చుక్కే కనబడతాది, లోపలంతా కుళ్ళుతాది. ఆరోజే కోసి కడిగుంటే బతికేవాడమ్మా” అన్నాడు. చెయ్యి తీసేశారు. అప్పటికే విషం ఒళ్ళంతా పాకింది. దస్తగిరి పోయాడు.

తిరుపాలమ్మ బిడ్డను ఎత్తుకుని షెడ్డుకొచ్చింది. “అక్కా, దస్తగిరమ్మ అని పేరు పెట్టుకున్నాం” అంది. హుసేనమ్మ ఆ బిడ్డను ఎత్తుకోలేదు. చానాసేపు చూసింది. బిడ్డ మూసుకున్న పిడికిలి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. లేచి లోపలికి పోయింది.

తరువాత సుంకన్న అనే ఇంకో మేస్త్రీ ఆ షెడ్డులో పనికి దిగాడు. ఒకరోజు అతనూ ఇంజెక్టర్ బయట తగిలించి, చూద్దామని చెయ్యి చాపాడు. రొట్టెలు చేస్తున్న హుసేనమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

“చెయ్యి తియ్యి!” అని అరిచింది.

సుంకన్న అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. ఆమె అతన్ని చూడటంలేదు. అతని పక్కన, ఎవరూ లేని చోటికేసి చూస్తోంది. “చెయ్యి తియ్యయ్యా” అని మెల్లగా అంది. తరువాత ఒక అట్టముక్క తెచ్చి సుంకన్న చేతికిచ్చింది.

బతికున్నన్నాళ్ళూ ఆమె అట్లాగే చేసింది. ఇంజెక్టర్ ఊడదీశారంటే వచ్చి నిలబడేది. ఆమె పోయాక ఆ మాట సుంకన్న అందుకున్నాడు. సుంకన్న నుంచి కనుమకు ఇటూ అటూ ఉన్న మేస్త్రీలందరికీ పాకింది.

ఇప్పటికీ ఆ దారిలో పాత బండి ఇంజెక్టర్ చూడాలంటే అట్టముక్క దూరంగా పెడతారు. చేతులన్నీ వెనక్కి తీసుకుంటారు. అప్పుడు పెద్ద మేస్త్రీ, “చెయ్యి తియ్యి, దస్తగిరన్నా” అంటాడు. అని, ఒక మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేంత సేపు ఆగుతాడు.

ఆ తరువాతే తాళం తిప్పమంటాడు.