పంజరంలోకి వెళ్ళిన చిలక

అనగా అనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పేవాడు, రెండోవాడు గద తిప్పేవాడు, మూడోవాడు కువలయుడు చెక్కబిళ్ళలు తిప్పేవాడు. బొంగరాలు, దారాలు కట్టిన బిళ్ళలు, వాటితోనే అతనికి పొద్దుపోయేది. వీడెందుకూ కొరగాడని రాజుగారు ఎప్పుడో తేల్చేశారు.

ఏడు సముద్రాలకు అవతల ధూమకేశి అనే మాంత్రికుడు. మందారవల్లి అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి, వంటకు పెట్టుకున్నాడు. విడిపించడానికి ఎవరొచ్చినా తానెన్నడూ చూడని వింత చూపించాలనేవాడు, లేకపోతే రాయిని చేసేవాడు. పెద్దవాడు వెళ్ళి వజ్రాల కత్తి చూపించాడు. చూశానన్నాడు మాంత్రికుడు. పెద్దవాడు రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళి బంగారు గద చూపించాడు. చూశానన్నాడు. వాడూ రాయే.

కువలయుడికి అన్నలంటే ప్రాణం. అన్నం సయించలేదు. ఒక ముసలి తాబేలును బతిమాలి, దాని వీపెక్కి బయల్దేరాడు. ఏం చూపించినా వాడు చూశాననే అంటాడని దారిలో తాబేలు చెప్పింది. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. ఆ చిలక ఎక్కడుందో వాడికి తప్ప ఎవరికీ తెలియదట. అదా సంగతి అనుకుని, కువలయుడు చెక్కబిళ్ళకు ఒకవైపు చిలకను గీశాడు. రెండోవైపు ఖాళీ పంజరాన్ని తలకిందులుగా గీశాడు. అలా గీస్తేనే తిప్పినప్పుడు రెండూ సరిగ్గా కలుస్తాయి. బిళ్ళకు కుడి ఎడమ అంచుల్లో ఒక్కో దారం కట్టాడు.

కోటలో ఆ బిళ్ళ చూసి మాంత్రికుడు పగలబడి నవ్వాడు. పంజరం గీయడం కూడా చేతకాదా అని వెక్కిరించాడు. కువలయుడు దారాలు మెలిపెట్టి గిర్రున తిప్పాడు. చిలక పంజరంలోకి వెళ్ళిపోయింది.

మాంత్రికుడికి ముచ్చెమటలు పట్టాయి. "నా చిలకను పట్టిందెవర్రా?" అంటూ వంటింట్లోకి పరుగెత్తి, పెసల బానలో చెయ్యి పెట్టి, చిలకను బయటికి తీసి తడిమి చూసుకున్నాడు. వెనకే వచ్చిన కువలయుడు, వాడి ప్రాణం అందులోనే ఉందని కేకేశాడు. పొయ్యి దగ్గరున్న మందారవల్లి చటుక్కున చిలకను లాక్కుంది.

"ముందు ఆ రాళ్ళను మనుషుల్ని చెయ్యి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అంది.

అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. కువలయుడు వాళ్ళను పట్టుకుని ఏడ్చేశాడు.

తర్వాత కువలయుడికీ మందారవల్లికీ పెళ్ళి జరిగింది. వాళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా రాజ్యమేలారు. చిలకను చంపడానికి మాత్రం మందారవల్లి ఒప్పుకోలేదు, నిజం పంజరంలోనే పెట్టి పెంచింది. మాంత్రికుడు రోజూ జామపళ్ళు కోసుకొచ్చి, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"కాస్త కడిగి పెట్టండమ్మా, దానికి దగ్గొస్తే నాకూ వస్తుంది" అనేవాడు.