మిరప కల్లంలో ఈస్టరు

జీవరత్నానికి ఆ ఊరి మీద మనసు విరిగిపోయింది.

బైబిలు కళాశాలలో చదువు ముగించుకుని, దైవాశీర్వాదం అయ్యగారి దగ్గర సంఘం పని నేర్చుకోవడానికి ఆ పల్నాటి పల్లెకు వచ్చాడతను. అయ్యగారు పెద్దవారు, మాట తక్కువ మనిషి. శిష్యుడు ఏదైనా అడిగితే "చూద్దాంలే" అనేవారు. చాలాసార్లు చూపించేవారు కూడా.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాలు మొదలైన దగ్గర్నుంచీ జీవరత్నానికి ఒకటే ధ్యాస, తన చిన్ననాటి ఈస్టరు. వాళ్ళ ఊళ్ళో ఆ రోజు చీకటితోనే జనం పాడుకుంటూ సమాధుల తోటకి బయలుదేరేవాళ్ళు. వెల్ల వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. పొద్దు పొడుస్తుండగా ఒకరు "క్రీస్తు లేచాడు!" అంటే, "నిజంగా లేచాడు!" అని పల్లె పల్లెంతా బదులు పలికేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్ళు పులకరిస్తుంది. ఈ ఊళ్ళో ఆ ఊరేగింపు ఎప్పుడో ఆగిపోయింది. ఎనిమిదింటికి ఆరాధన, పదింటికల్లా ఇల్లు. అంతే.

దాన్ని మళ్ళీ నిలబెట్టాలనుకున్నాడు. వారం వారం ప్రకటన చేశాడు. తనే చీపురు పట్టుకుని తోటలో ముళ్ళకంప ఊడ్చి, సమాధులకు సున్నం వేశాడు. కొవ్వొత్తులు తెప్పించాడు.

తీరా ఈస్టరు నాడు, చుక్క ఉండగానే గంట కొడితే గుప్పెడుమంది ముసలమ్మలు వచ్చారు. ఎంత సేపు చూసినా మరొకరు రాలేదు.

జీవరత్నం గంట తాడు వదిలేసి చర్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"వీళ్ళకి అక్కర్లేదండీ అయ్యగారూ. ఒక్క తెల్లవారుజాము. ఏడాదికి ఒక్కటి! ప్రభువు కోసం ఆ పాటి నిద్ర మానుకోలేరా? ఇవాళ ప్రసంగంలో అడిగేస్తాను. మొహమాటం లేకుండా అడిగేస్తాను."

అయ్యగారు కండువా భుజాన సర్దుకుని చేతికర్ర అందుకున్నారు.

"పద, పోదాం."

ముసలమ్మలు పాట ఎత్తుకున్నారు. జీవరత్నం లాంతరు పట్టుకుని ముందు నడిచాడు. రోడ్డు మీదికి రాగానే అయ్యగారు తోట వైపు కాకుండా రెండో వైపు తిరిగారు.

"తోట ఇటు కదండీ?"

"కల్లాల మీదుగా పోదాం."

చేలగట్టు ఎక్కేసరికి మిరప ఘాటు గొంతులో పట్టుకుంది. పాట మధ్యలో దగ్గులు మొదలయ్యాయి. కోతల కాలం. కల్లాల నిండా ఎర్రటి రాశులు, వాటి మీద కప్పిన పట్టాలు. పక్కనే గోనెపట్టలు పరుచుకుని, ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోతున్నారు. సంఘంలో సగంమంది అక్కడే ఉన్నారు.

లాంతరు వెలుగు ఒకామె మీద పడింది. మార్తమ్మ. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనిషి. వెల్లకిలా పడుకుని ఉంది. మిరప మంటకి ఆముదం రాసుకున్న అరచేతులు దేనికీ తగలకుండా పైకి తెరిచి పెట్టుకుంది. ఆ చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి.

జీవరత్నం లాంతరు దించాడు.

అయ్యగారు ఆమె పక్కన కర్ర ఆనించుకుని మెల్లగా గొంతుక్కూర్చున్నారు.

"మార్తమ్మా, క్రీస్తు లేచాడమ్మా" అన్నారు, జ్వరం వచ్చినవాళ్ళని పలకరించినట్టు.

ఆమె ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుంది. "అయ్యో, అయ్యగారూ! చిన్నయ్యగారు పాపం అన్ని వారాలు చెప్పారు. రాత్రి పొద్దుపోయేదాకా రంగు పోయిన తాలుకాయ ఏరాం. గంటకి లేద్దామనే పడుకున్నాను. ఒళ్ళు తెలియలేదు."

"ఇప్పుడు లేచావుగా. నిదానంగా రా."

పాట విని అటూ ఇటూ మనుషులు కదిలారు. ఒకరినొకరు తట్టి లేపుకున్నారు. కుండలో నీళ్ళు ముంచుకుని మొహాలు కడుక్కున్నారు. చూస్తుండగానే కల్లం దారిలో వరుస కట్టారు. కాపలాకి ఇద్దరు మగవాళ్ళు ఆగిపోయారు.

మార్తమ్మ గోనెపట్ట మీద ఆమె కూతురు కరుణ ఇంకా ముడుచుకుని పడుకుని ఉంది. నాలుగైదేళ్ళ పిల్ల. ఎంత లేపినా లేవలేదు.

"ఇది లేవదండీ. ఈ చేతులతో ఎత్తుకుంటే దానికీ మంట. ఉండనివ్వండి, వీళ్ళు చూసుకుంటారు" అంది మార్తమ్మ.

అయ్యగారు జీవరత్నం చేతిలోని లాంతరు తను తీసుకున్నారు. అతని చంకలోని పాటల పుస్తకం లాగి ఒక ముసలమ్మకిచ్చారు. వంగి, ఆ పిల్లని జాగ్రత్తగా లేవనెత్తి అతని చేతుల్లో పెట్టారు.

"పద."

అలా వెళ్ళారు. ఊరేగింపుని నడపాల్సిన జీవరత్నం అందరికంటే వెనక నడిచాడు. దారి పొడవునా రాళ్ళు. పిల్ల బరువుకి చేతులు లాగాయి. పుస్తకం లేదు కాబట్టి నోటికి వచ్చినంత పాడాడు. చరణాలు ముందువెనకలయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు.

తోటలో కొవ్వొత్తులు వెలిగాయి. ఎవరి పెద్దల సమాధి దగ్గర వాళ్ళు నిలబడ్డారు. తూరుపు తెల్లబడింది. "క్రీస్తు లేచాడు!" అన్నారు అయ్యగారు. నిద్ర గొంతులతో, ఘాటుకి బొంగురుపోయిన గొంతులతో అందరూ "నిజంగా లేచాడు!" అన్నారు. పిట్టలు లేచిపోయాయి. కరుణ మాత్రం కదలలేదు. పిల్ల నోటి చొంగకి జీవరత్నం చొక్కా భుజం తడిసింది.

తిరుగుదారిలో అయ్యగారు అతని పక్కకి వచ్చారు.

"పాపం, ఏమీ చూడలేదండీ ఈ పిల్ల" అన్నాడు జీవరత్నం. "ఇంత దూరం మోసుకొచ్చానా, ఒక్కసారన్నా కళ్ళు తెరవలేదు. దీనికేం గుర్తుంటుంది?"

అయ్యగారు లాంతరు ఆర్పారు.

"మీ ఊళ్ళో తోట దూరమేనా?"

"దూరమేనండీ. ఏరు దాటి వెళ్ళాలి."

"చిన్నప్పుడు నడిచే వెళ్ళేవాడివా?"

జీవరత్నం గుర్తు చేసుకోబోయాడు. ఏరు దాటడం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చెంపకి గరుకుగా తగిలే నాన్న ఖద్దరు చొక్కా గుర్తొచ్చింది. బీడీ వాసన గుర్తొచ్చింది. చెవికి వినపడే ముందు, ఆనుకున్న రొమ్ములోంచి ఒంట్లోకి పాకే పాట గుర్తొచ్చింది.



కల్లం దగ్గర మార్తమ్మ చేతులు చాపింది. "ఇటివ్వండి చిన్నయ్యగారూ. భుజం పడిపోయి ఉంటుంది."

"వద్దమ్మా, నిద్ర చెడుతుంది" అన్నాడు జీవరత్నం, పిల్లని రెండో భుజానికి మార్చుకుంటూ.